షట్‌డౌన్ ముహూర్తాలు

మా ఫ్యాక్టరీలో మిషన్ ఆపాలంటే ముందు పంచాంగం చూడాలి. ఎగతాళికి అనడం లేదు. నా టేబుల్ మీద కంప్యూటర్, దాని వెనక గోడకి తిథులూ నక్షత్రాలూ వర్జ్యాలూ ఉన్న తెలుగు క్యాలెండర్. పై ఆఫీసు నుంచి ఎవరైనా వస్తే దాన్ని చూసి, "ఏంటండీ, జాతకాలు కూడా చెబుతారా?" అని నవ్వుతారు. నవ్వుకోనీ. ఏసీ గదుల్లో కూర్చుని వెళ్ళేవాళ్ళకి రొయ్య సంగతి ఏం తెలుసు?

రొయ్య అమావాస్యకీ పౌర్ణమికీ పెంకు విడుస్తుంది. కొత్త పెంకు గట్టిపడేదాకా ఒళ్ళంతా మెత్తగా ఉంటుంది, వేళ్ళతో పట్టుకుంటే నలుగుతుంది. ఆ సమయంలో పడితే సరుకు పాడవుతుందని రైతుకి తెలుసు, అందుకని రొయ్యల గుంటలో వల దించడు. రైతు వల దించకపోతే, ఆ రొయ్యని ఒలిచి గడ్డకట్టించి పంపే మాకు పనిలేదు. పనిలేనప్పుడే కదా మిషన్ విప్పుకోవాల్సింది! అమోనియా కంప్రెసర్ విప్పి శుభ్రం చేయడం, ఫ్రీజర్ బెల్టు మార్చడం లాంటి పెద్ద రిపేర్లన్నీ నేను అమావాస్య చుట్టూ పెడతాను. ఏ రోజు ఏ సరుకు ఏ లైన్లో నడవాలి, ఏ మిషన్ ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు మళ్ళీ తిరగాలి, ఇదంతా తేల్చడమే నా ఉద్యోగం. ప్రొడక్షన్ ప్లానింగ్ అంటారు. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఎవరైనా అడిగితే "మావాడు ఫ్యాక్టరీలో క్యాలెండర్ రాస్తాడు" అని చెప్పేది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

లోపల తలలు తీసేదీ, ఒలిచేదీ, సైజు ప్రకారం ఏరేదీ దాదాపు అందరూ ఆడవాళ్ళే. తీరం వెంట ఉన్న జాలరి పాలేల నుంచి కంపెనీ బస్సుల్లో వస్తారు. మగవాళ్ళు పడవల మీద సముద్రంలోకి, వీళ్ళు మా చల్లటి హాల్లోకి. లైన్ నడిచే రోజుల్లో సెలవు దొరకడం కష్టం. అందుకని వాళ్ళ ఇళ్ళలో ఏ శుభకార్యమైనా మా షట్‌డౌన్‌లోనే చేసుకోవడం అలవాటైపోయింది. ముహూర్తానికి అయ్యవారి దగ్గరికి వెళ్ళేముందు నా దగ్గరికి వస్తారు.

"సార్, వచ్చే నెల మిషన్లు ఎప్పుడు నిలబెడతారు?"

"ఎందుకమ్మా?"

"కొత్తింట్లో పాలు పొంగించాల. అయ్యోరు విదియ బాగుందంటుండాడు. మీ షట్‌డౌన్ విదియ దాకా ఉంటదా, లేకుంటే పాడ్యమికే లేపేస్తారా?"

అమావాస్యా పాడ్యమీ శుభకార్యాలకి పనికిరావు. వాళ్ళకి కావలసింది విదియ, తదియ. అందుకని నేను షట్‌డౌన్‌ని ఎలాగో ఒకలాగా తదియ దాకా సాగదీసేవాణ్ణి. ఒక బెల్టు మార్చే పనో, నీళ్ళ ట్యాంకు కడిగే పనో చివర తగిలించేవాణ్ణి. ఒకసారి ఒక అయ్యవారే ఫోన్ చేసి, "సార్, మాఘమాసంలో ఎప్పుడు ఆపుతుండారో మాకూ ఒక మాట ముందుగా చెప్తే సర్దుకుంటాం" అన్నాడు. ఆయన వేళాకోళం ఆడుతున్నాడో నిజంగా అడుగుతున్నాడో ఇప్పటికీ తెలియదు. చెప్పేశాను.

ఇంతమందికి ముహూర్తాలు కుదిర్చినవాణ్ణి, ఒక్క శుభకార్యానికైనా వెళ్ళానా అంటే, లేదు. ఎలా వెళ్తాను? షట్‌డౌన్ అంటే అందరికీ సెలవు, నాకు పని. ఏ పని ఎంతవరకూ వచ్చింది, రేపు లైన్ లేస్తుందా లేదా, రైతులకి ఏం చెప్పాలి, అన్నీ నా నెత్తినే. పసుపు పూసిన శుభలేఖలు తెచ్చి, "తప్పకుండా రావాల సార్" అనేవాళ్ళు. "వస్తానమ్మా" అనేవాణ్ణి. మర్నాడు స్టీలు క్యారియర్లో చక్రపొంగలో, లడ్లో, చల్లారిపోయిన బిరియానీయో తెచ్చి నా టేబుల్ మీద పెట్టేవాళ్ళు. నేను తిన్న పెళ్ళిభోజనాలన్నీ మర్నాటివే.

షట్‌డౌన్ రోజున ఫ్యాక్టరీ ఎలా ఉంటుందో చెప్పాలి. మామూలు రోజుల్లో కంప్రెసర్ల మోత ఎంత అలవాటైపోతుందంటే అది ఉందన్న సంగతే తెలియదు. అది ఆగగానే చెవులు గింగురుమంటాయి. కాసేపటికి దూరం నుంచి సముద్రం వినిపిస్తుంది. ఒలిచే హాల్లో కడిగిన స్టీలు బల్లలు ఖాళీగా, గోడకి ఆడవాళ్ళ రబ్బరు బూట్లు వరసగా తలకిందులుగా వేలాడుతూ ఉంటాయి. మెకానిక్కులు ఎక్కడో వెనక కంప్రెసర్ గదిలో ఉంటారు. నేను ఆ హాల్లో ఊరికే అటూ ఇటూ నడిచేవాణ్ణి. ఆ సమయంలో పాలేల్లో ఎక్కడెక్కడ మేళాలు మోగుతున్నాయో నాకు బాగా తెలుసు, ఏ ఇంట్లో ఏమిటో కూడా తెలుసు. అది తెలిసి ఆ హాల్లో నిలబడటం నాకు నచ్చేది కాదు. భయంగా ఉండేది అంటే నవ్వుతారేమో, కానీ భయంగానే ఉండేది.

నేను పెళ్ళి చేసుకోలేదు. దానికి పెద్ద కథేమీ లేదు. అమ్మకి ఒంట్లో బాగుండేది కాదు, చూసుకుంటూ ఉండగా ఏళ్ళు గడిచిపోయాయి. అమ్మ పోయాక చుట్టూ చూసుకుంటే, నీకు పెళ్ళి ఎప్పుడురా అని అడిగేవాళ్ళు కూడా మిగల్లేదు. అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్ళు లేరు. ఒంటికాయ శొంఠికొమ్మును. ముత్తుకూరులో మందుల షాపు పైన ఒక గది, కింద సందులో ఒక మెస్సు, ఒక స్కూటరు. ఆదివారం మెస్సుకి సెలవైతే ఆ రోజు నేను ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండానే పొద్దు గూకేది. ఒక్కోసారి నా గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి గట్టిగా దగ్గేవాణ్ణి.

పోయినేడాది ఒకరోజు ఒలిచే హాలు సూపర్‌వైజరు నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తలకి వల టోపీ, కాళ్ళకి రబ్బరు బూట్లు, చేతులు ఇంకా తడి. మామూలుగా ఆమె నోరు హాలు ఈ చివర నుంచి ఆ చివరకి వినిపిస్తుంది. ఆరోజు మెల్లగా మాట్లాడింది.

"సార్, పాపకి చెవులు కుట్టించాల."

"వచ్చే అమావాస్యకి ఆపుతున్నాను. తదియ దాకా ఉంటుంది. పెట్టుకో."

"తదియే పెట్టినారు సార్, పొద్దన పదిన్నరకి. అది కాదు సార్. మేనమామ కావాల."

చెవులు కుట్టేటప్పుడు బిడ్డని మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి కదా, ఆ సంగతి. నేను నవ్వాను. "మేనమామని కూడా నేనే షెడ్యూల్లో పెట్టాలా ఏంటమ్మా?"

"అవును సార్. మీరే కూర్చోవాల."

ఆమె అన్నీ ముందే ఆలోచించుకుని వచ్చినట్టు చెప్పుకుపోయింది. "మేం అంతా ఆడపిల్లలమే సార్, అన్నా తమ్ముడూ లేరు. చిన్నాయన కొడుకు ఒకడు దొరవారిసత్రం కాడ ఉండాడు గానీ, వాడు నా మొగం చూసి ఏళ్ళయింది. నా పెండ్లి మీరు మిషన్ ఆపిన దినాల్లోనే అయింది. సీమంతం అట్టనే. పాపకి పేరు పెట్టింది అట్టనే. అన్నిటికీ పిలిచినా, ఒక్కదానికీ మీరు రాలా. అన్న ఎవురని మా అత్త అడిగితే, ఆలోచన చేస్తే మీరే కనపడినారు."

నాకు ఇలాంటప్పుడు కోపం వస్తుంది, అదొక జబ్బు. "సరేలే, హాల్లో డ్రైనేజీ దగ్గర నీళ్ళు నిలబడ్డాయంట, ముందు అది చూసుకోపో" అని కసిరాను.

"వస్తారా మరి?"

"వస్తాన్లే."

"నిజంగా వస్తారా?"

"చెప్పాను కదమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆమె నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నేను తలుపు వేసుకుని కూర్చుని, క్యాలెండర్లో తదియ గడి చుట్టూ పెన్నుతో ఒక గీత గీశాను. ఇన్నేళ్ళలో ఆ క్యాలెండర్ మీద నా కోసం గీసుకున్న గీత అదొక్కటే.

మేనమామ ఏమేం తీసుకెళ్ళాలో నాకు తెలియదు. మెస్సు ఆవిడని అడిగాను. ఆవిడ వడ్డిస్తున్న గరిటె ఆపి, "మీకు మేనకోడలు యాడనుంచి వచ్చింది సామీ?" అని ఆశ్చర్యపడి, తర్వాత అన్నీ చెప్పింది. తల్లికి చీరా రవికె, పిల్లకి కొత్త బట్టలు, పళ్ళు, పూలు, ఆకులూ వక్కలూ. నెల్లూరు వెళ్ళాను. బట్టల కొట్లో సేల్స్ అమ్మాయి, "పాప ఏ సైజు ఉంటుంది సార్?" అంది. రొయ్య అయితే చూడగానే సైజు చెప్పేస్తాను. పాపని నేను చూసిందే లేదు. రెండేళ్ళుంటాయన్నాను. సన్నమా, బొద్దా అంది. తెలియదన్నాను. ఆ అమ్మాయి నన్ను ఒకలాగా చూసి, "మీకేమవుద్ది సార్?" అంది.

"మేనకోడలు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడం అదే మొదటిసారి. బయటికి వచ్చేదాకా దాన్ని ఇంకో రెండుసార్లు ఏదో వంకన అన్నాను. ఎర్ర పట్టు పరికిణీ కొన్నాను, ఎందుకైనా మంచిదని కొంచెం పెద్దదే.

షెడ్యూలు మాత్రం ఇంతకుముందెప్పుడూ వెయ్యనంత జాగ్రత్తగా వేశాను. అమావాస్య పొద్దున కంప్రెసర్ విప్పడం మొదలు. విదియ సాయంత్రానికి బిగించి, నడిపి చూసి, ఫ్రీజర్ని చల్లబరచడం. తదియ పొద్దున నేను స్వతంత్రుణ్ణి. ఆ మధ్యాహ్నం చిట్టమూరు వైపు రైతులు గుంటల్లో రొయ్య పట్టడానికి సిద్ధంగా ఉంటారు. ఫ్రీజర్ చల్లబడిందని నేను ఫోన్ చేస్తేనే వాళ్ళు వల దించుతారు. ఒకసారి రొయ్య నీళ్ళలోంచి బయటికి వచ్చిందంటే ఇక ఆగదు, ఇక్కడ మిషన్ సిద్ధంగా లేకపోతే లారీలో ఐసు కరగడం తప్ప ఇంకేం జరగదు. ఆ ఒక్క ఫోన్ పొద్దున్నే చేసేసి, స్కూటరెక్కి పాలెం వెళ్ళిపోవచ్చు. అన్నీ చక్కగా కుదిరాయనుకున్నాను.

కంప్రెసర్ విప్పడానికి చెన్నై నుంచి మెకానిక్ వచ్చాడు. నుదుటి మీద విభూతి, చేతిలో పెద్ద టూల్‌బాక్సు. అమావాస్య రోజు పని మొదలని తెలిసి సంబరపడ్డాడు. "అమావాసై మంచి దినం సార్. మా ఊర్ల కొత్త కడ తెరిచేది ఆ దినమే" అన్నాడు తన తెలుగులో, అంగడిని కడ అంటూ.

నాకు ఆ మాట చెవికి ఎక్కలేదు. ఎక్కి ఉంటే అప్పుడే జాగ్రత్తపడేవాణ్ణేమో. మామూలుగా అమావాస్య రోజు మా మెయింటెనెన్స్ ఇన్‌చార్జి లైన్లు ఖాళీ చేసి, కడిగించి ఊరుకునేవాడు, విప్పడం పాడ్యమి నాడే మొదలయ్యేది. అది పని పద్ధతి అనుకున్నాను ఇన్నేళ్ళూ. తదియ నాకు ఖాళీ కావాలని ఈసారి ఒకరోజు ముందుకి జరిపాను, అంతే.

పొద్దున కంప్రెసర్ గదికి వెళ్ళేసరికి ఇన్‌చార్జి మిషన్‌కి అడ్డంగా నిలబడి ఉన్నాడు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, మొండి. "ఈ పొద్దు స్పానర్ పెట్టేదానికి లేదు" అన్నాడు.

"ఎందుకు లేదు?"

"అమావాస్య సార్! తెలిసి తెలిసి అమావాస్య నాడు ఎవురైనా మిషన్ విప్పతారా?"

"అమావాస్య రోజు పుట్టినవాళ్ళు బతకడం లేదా అయ్యా?"

"బతుకుతుండారు సార్. దొంగలయి బతుకుతుండారు."

చెన్నై మెకానిక్‌కి ఇది అర్థం కాలేదు. అమావాస్య కంటే మంచి రోజు ఏముంటుందని ఆయన వాదన. రేపు పాడ్యమి, పాడ్యమి నాడు ఎవరైనా పని మొదలుపెడతారా అని ఎదురు అడిగాడు. ఇద్దరూ ఒక దేవుడికే దణ్ణం పెడతారు, ఒకరిది మంచిరోజైతే ఇంకొకరికి అదే చెడ్డరోజు. తడ దాటి తమిళనాడులో అడుగుపెడితే తిథికి గుణం మారిపోతుందా? ఇద్దరూ నా వైపు చూశారు, నేనేదో తీర్పు చెబుతానన్నట్టు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నాకు తిథి వద్దు, షెడ్యూలు కావాలి!" అని అరిచాను. ఇన్‌చార్జి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమోనియా లైను విప్పాలంటే ఆయన అనుమతి ఉండాలి. మేనేజరుకి ఫోన్ చేస్తే ఆయన, "పెద్దాయనతో ఎందుకండీ గొడవ, ఒక రోజే కదా" అని పెట్టేశాడు.

ఒక రోజే కదా! మెకానిక్ మాత్రం తన లెక్క ప్రకారం పని మొదలైందనిపించుకోవడానికి టూల్‌బాక్సుని గేటు బయటికి మోసుకుపోయి, కర్పూరం వెలిగించి, దణ్ణం పెట్టి, కాఫీ తాగి పడుకున్నాడు.

నేను షెడ్యూలు మళ్ళీ వేసుకున్నాను. ఎటు తిప్పినా కంప్రెసర్ నడిపి చూసేది తదియ పొద్దునే. రైతులకి నేను ఫోన్ చేయాల్సిందీ ఆ పొద్దునే. నాకు ఒక ఫంక్షన్ ఉంది, నేను ఉండను అని ఆ ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు. ఇప్పుడు అందామంటే నోరు పెగల్లేదు. మేనమామ అంటే నవ్వుతారేమోనని ఒక సిగ్గు. విదియ నాడు పాప తల్లికి ఫోన్ చేశాను. ఇక్కడ పని ఒకరోజు జరిగింది, కొంచెం అటూఇటూ కావచ్చు, కానీ తప్పకుండా వస్తాను అని చెప్పాను.

"సరే సార్" అంది. చాలా తేలిగ్గా అంది. బాధపడలేదని నాకు హాయిగా అనిపించింది.

తదియ పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, బట్టల సంచీ, పళ్ళ సంచీ స్కూటరుకి తగిలించుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాను. కంప్రెసర్ లేచింది. బాగానే లేచింది. కానీ ఫ్రీజర్ చల్లబడటానికి దాని సమయం అది తీసుకుంటుంది, తొందరపెడితే వినదు. నేను మీటర్ ముందు నిలబడ్డాను. అంకె దిగడం, ఆగడం, మళ్ళీ కాస్త దిగడం. చేతి గడియారం మాత్రం ఎక్కడా ఆగడం లేదు.

ఇన్‌చార్జి వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. "ఏంది సార్, పెండ్లికొడుకు మాదిరి వచ్చినారు?"

"నీ అమావాస్య పుణ్యమా అని నా మేనకోడలి చెవులు కుట్టే ముహూర్తం పోతోంది!" నేనెప్పుడూ మీరూ గారూ అనే మనిషిని ఏకవచనంలో అరిచేశాను. "పదిన్నరకి. నేను ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. చాలా?"

ఆయన కోపగించుకుంటాడనుకున్నాను. నోరు తెరుచుకుని చూశాడు. "మేనమామ లేకుండా చెవులు ఎట్టా కుట్టిస్తారు? ముందే చెప్పొద్దా సార్! అపచారం గదా!" అని నా చేతిలో ఫైలు లాక్కున్నాడు. "పోండి. ముందు పోండి ఈడనుంచి. చల్లబడినాక నేను ఫోన్ చేస్తా, మీరు ఆడనుంచే రైతులకి చెప్పండి." చెన్నై మెకానిక్ కూడా రెండు చేతులూ ఊపుతూ పో పో అన్నాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ మాట కలిసింది.

ముత్తుకూరు రోడ్డు సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కరెంటు ప్లాంటు బూడిద లారీలు, బొగ్గు లారీలు, ఒకదాని వెనక ఒకటి. ఒకచోట లారీ అడ్డం తిరిగి ఆగిపోయింది. స్కూటరుని రోడ్డు కిందికి దించి, ముళ్ళకంప పక్కనుంచి తోసుకుంటూ వెళ్ళాను. తెల్లచొక్కా తెల్లగా మిగల్లేదు. రొయ్యల గుంటల మధ్య మట్టిరోడ్డు ఎక్కాక ఎదురుగాలి. తొందరలో నాలో నేను గట్టిగా మాట్లాడుకుంటున్నాను. "వస్తున్నానమ్మా, వస్తున్నా, కాస్త ఆగండి" అని. గుంటగట్టు మీద మేత చల్లుతున్న మనిషి తలెత్తి చూశాడు.

పాలెంలో మొదటి ఇళ్ళు దాటుతుండగానే పిల్ల ఏడుపు వినిపించింది. పిల్లలు ఎన్నో రకాలుగా ఏడుస్తారు, నాకు అవన్నీ తెలియవు. అయినా ఆ ఏడుపు ఎందుకో విన్నవెంటనే తెలిసిపోయింది.

ఇంటి ముందు షామియానా. దాని కింద చాప మీద, నా కంటే చిన్నవాడు, కొత్త పంచె కట్టుకున్న ఒకతను కూర్చుని ఉన్నాడు. అతని ఒళ్ళో పిల్ల, ఎర్రగా కందిపోయిన మొహం, నోట్లోంచి బెల్లం కారుతోంది. ఒక చెవికి సన్నటి బంగారు తీగ మెరుస్తోంది. ఎదురుగా కంసాలి ఆచారి రెండో తీగ చేతిలో పట్టుకుని, పిల్ల కాస్త తెరిపిన పడేదాకా ఆగి ఉన్నాడు. నేను సంచులతో షామియానా అంచున నిలబడిపోయాను.

ఆమె నన్ను చూసింది. "సార్!" అని లేచింది. ఆ మొహంలో కనిపించింది ఆశ్చర్యం. నిజమైన ఆశ్చర్యం. "వచ్చినారా!"

"వస్తానన్నాను కదమ్మా."

"మీరు ఎప్పుడూ అట్టనే అంటారు గదా సార్" అంది. ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. ఎండ కాస్తుంది అన్నట్టు అంది. "నిన్న మీరు ఫోన్ చేసినాక, ఇంక రారులే అని చిన్నాయన కొడుకుని పిలిపించుకున్నాం. పాపం, రాత్రికి రాత్రి వచ్చినాడు."

"మంచి పని చేశారు" అన్నాను. "మంచిదే అయింది." ఇంకా ఏదో అన్నాను, గుర్తులేదు. తప్పు ఎవరిదని? ఎవరిదీ కాదు. ఎప్పుడూ రాని మనిషి ఈసారీ రాడని అనుకోవడంలో తప్పేముంది? అయినా నాకు ఏడుపొచ్చింది. పదిమంది మధ్య, చేతిలో అరటిపళ్ళ సంచితో, యాభై దాటిన మనిషిని. వెనక్కి తిరిగి స్కూటరెక్కి వెళ్ళిపోదామా అనిపించింది. సంచులు ఎక్కడ పెట్టాలో కూడా ఎవరూ చెప్పలేదు.

అప్పుడు లోపల నుంచి ఆమె అత్త వచ్చింది. ముసలావిడ, కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తుంది. అందరినీ ఒకసారి చూసి, "ఏందబ్బా, అందురూ అట్ట నిలబడినారు? ఇంకో చెవి ఉంది గదా!" అంది.

చిన్నాయన కొడుకు అప్పటికే లేవడానికి సిద్ధంగా ఉన్నాడు. "కూర్చోండి అన్నా, మీకు పుణ్యం ఉంటది. తన్ని తన్ని నా పొట్ట వాయగొట్టింది" అంటూ పిల్లని ఎత్తి నాకు అందించాడు.

చాప మీద కూర్చున్నాను. పిల్లని ఎలా పట్టుకోవాలో తెలియదు. ఒక చెవి అయిపోయిన పిల్ల, రెండో చెవికి ఏం జరగబోతోందో దానికి బాగా తెలుసు. కాళ్ళు, చేతులు, తల, ఒళ్ళంతా ఒక్కసారే అటూ ఇటూ విసురుతోంది. ఆచారి, "తల కదలకూడదండీ, గుండెకి అదిమి పట్టుకోండి" అన్నాడు. అదిమి పట్టుకున్నాను. తల వేడిగా ఉంది, కొబ్బరినూనె వాసన. జేబులో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. ఇన్‌చార్జి అయి ఉంటాడు, ఫ్రీజర్ చల్లబడి ఉంటుంది, చిట్టమూరులో వలలు గట్టు మీద ఎదురుచూస్తూ ఉంటాయి. మోగనీ అనుకున్నాను. ఆగి మళ్ళీ మోగింది.

ఆచారి తీగ దించాడు. పిల్ల పెట్టిన కేక నా ఛాతీలో వినిపించింది. దాని చెయ్యి ఎక్కడో దారి వెతుక్కుని నా చొక్కాని గుప్పిట్లో పట్టుకుంది. బొత్తాం ఊడింది. నొప్పి పెట్టినవాడి చొక్కానే పట్టుకుని ఏడ్చింది, పట్టుకోవడానికి ఇంకేమీ దొరక్క. నన్ను అలా పట్టుకున్నవాళ్ళు ఎవరూ గుర్తుకు రాలేదు. "అయిపోయింది తల్లీ, అయిపోయింది" అంటున్నాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది. అందరూ నవ్వుతున్నారు, అక్షింతలు వేస్తున్నారు. తల్లి వంగి గుప్పిట విడదీసి పిల్లని తీసుకుంది. భుజం మీదికి ఎక్కాక పిల్ల వెనక్కి తిరిగి నన్ను ఒక చూపు చూసింది. అంత కోపంగా నన్నెవరూ చూడలేదు.

గుంటగట్టు మీదికి వెళ్ళి, ఇన్‌చార్జితో మాట్లాడి, రైతులకి ఫోన్ చేశాను. భోజనాలకి కూర్చోబెట్టారు. "అన్నా, ఇంకొంచెం పులుసు పోయించుకో" అని ఆమె దగ్గరుండి వడ్డించింది. ఆకులో అన్నం మీద ఆవిరి లేస్తోంది. పరికిణీ పిల్లకి ఇంకో మూడేళ్ళకి గానీ సరిపోదని తేల్చి, పెట్టెలో దాచారు.

మర్నాడు లైన్ నడిచింది. ఆమె మళ్ళీ 'సార్' అంది, నేను మళ్ళీ ఏదో విషయానికి కసిరాను. ఆ 'అన్న' ఆ ఒక్క రోజుకే. అడిగి పిలిపించుకునేది కాదు కదా అది.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం ముత్తుకూరు బజార్లో కనిపించారు, చంకలో పిల్లతో ఆమె. మెస్సుకి సెలవు, నేను బ్రెడ్డు కొనుక్కుని వస్తున్నాను. ఆమె "సార్, బాగుండారా?" అని ఆగింది. పిల్ల నా వైపు చూసింది. ఒక్క క్షణం మొహం గడ్డకట్టి, వెంటనే రెండో చెవిని అరచేత్తో మూసుకుని గుక్కపెట్టింది.

"ఏమనుకోబాకండి సార్" అని ఆమె నొచ్చుకుంది. "ఆ పొద్దున్నించీ ఇంతే. తెల్లచొక్కా కనపడితే చాలు, మీరేమోనని బెదురుద్ది. మా చిన్నాయన కొడుకు మొన్న వచ్చినాడు, వాడి దగ్గిరికి పోయింది, నవ్వింది కూడా. మిమ్మల్నే మర్చిపోలా."

"పోనీలే, బస్సు టైమవుతుంది, వెళ్ళు" అన్నాను.

ఆమె వెళ్ళిపోతుంటే పిల్ల తల్లి భుజం మీదనుంచి నన్నే చూస్తూ ఏడుస్తోంది. ఆదివారం బజారు, ఎంతమంది జనం! అందరూ నన్ను దాటుకుని వెళ్తున్నారు, నేను ఉన్నానా లేనా అన్నది ఎవరికీ పట్టలేదు. ఆ పిల్ల ఒక్కతే నా మీంచి కళ్ళు తిప్పలేదు. నేను మందుల షాపు మెట్ల మీద నిలబడి, బస్సు కదిలి ఆ ఏడుపు వినపడకుండా పోయేదాకా విని, అప్పుడు గదికి ఎక్కాను.